ఓవరీ క్యాన్సర్ ముదిరినప్పుడు ఏ చికిత్స, ఎంతవరకు? జీవన నాణ్యతను తూచి నిర్ణయించుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పొట్ట ఉబ్బరంగా ఉందని గ్యాస్ మాత్రలు వేసుకుంటూ రెండు మూడు నెలలు గడిచిపోతాయి. చివరికి స్కాన్ తీయిస్తే కడుపులో నీరు, అండాశయం మీద గడ్డ బయటపడతాయి. ఓవరీ క్యాన్సర్ చాలామందిలో ఇలాగే మూడో దశలోనో నాలుగో దశలోనో దొరుకుతుంది. అక్కణ్నుంచి మాటలన్నీ మందుల చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని కీమోలు, ఆపరేషన్ ఎప్పుడు, సీఏ-125 (జబ్బు ఎంతుందో సూచించే రక్త పరీక్ష) ఎంతకి దిగింది? ఈ మందు వాడుతున్నన్నాళ్లూ ఆమె రోజులు ఎలా గడుస్తాయన్న సంగతి మాత్రం ఎవరో పనిగట్టుకుని అడిగితే తప్ప చర్చకు రాదు.

దాన్ని ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి, వచ్చిన జవాబుతో ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం. జీవన నాణ్యత చూసుకోవడమంటే చికిత్స మానేయడమేనని చాలామంది భయపడతారు. నిజానికి కొన్ని సందర్భాల్లో ఆమె కాస్త తేరుకుని తిరగాలంటే గట్టి చికిత్సే దారి. మరికొన్ని సందర్భాల్లో ఇంకో సైకిల్ (ఒక విడత కీమో) ఎక్కించకపోవడమే ఆమెకు మేలు. తేడా తెలుసుకోవాలంటే ఒక పద్ధతి ఉండాలి. డాక్టరు గారి సలహా బదులు చదువుకునేది కాదిది, ఆయన ముందు కూర్చునేటప్పుడు చేతిలో ఉంచుకోవాల్సింది.

మొదటి మెట్టు: ఏ మలుపులో ఉన్నారో తేల్చుకోండి

ఒకే జబ్బయినా నిర్ణయం ఎప్పుడు తీసుకుంటున్నామన్నదాన్ని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది. ముఖ్యంగా మూడు మలుపులు.

జబ్బు కొత్తగా బయటపడినప్పుడు మామూలుగా ఇచ్చేది కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో. మూడు వారాలకోసారి చొప్పున ఆరు సైకిళ్లు, దాంతోపాటు ఆపరేషన్. పదిమందిలో ఏడెనిమిది మందికి ఈ కీమో పనిచేస్తుంది. కడుపులో నీరు తగ్గి, నాలుగు ముద్దలు తినగలిగి, మళ్లీ ఇంట్లో తిరిగేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే ఈ దశలో "అమ్మ తట్టుకోలేదులెండి, వద్దు" అని ఇంట్లోవాళ్లు తొందరపడి తేల్చేయడం నాకు నచ్చదు. ఆ నీరసం చాలావరకు జబ్బు వల్లే వచ్చి ఉండొచ్చు, జబ్బు తగ్గితే అదీ తగ్గొచ్చు. అయితే ముదిరిన దశలో దొరికినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుందన్న మాట కూడా మొదట్లోనే తెలిసి ఉండాలి.

రెండో మలుపు, ఆఖరి ప్లాటినం కీమో (కార్బోప్లాటిన్ లాంటి మందు) అయిన ఆరు నెలలు దాటాక జబ్బు తిరిగి రావడం. అప్పుడు ప్లాటినం మళ్లీ పనిచేసే అవకాశం బాగానే ఉంటుంది. ఇక్కడ లక్ష్యం జబ్బును అదుపులో పెట్టి నెలలు, అదృష్టం బాగుంటే ఏళ్లు సంపాదించడం. పూర్తిగా నయమవుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

మూడోది, ఆరు నెలల లోపే, లేదా కీమో నడుస్తుండగానే జబ్బు పెరగడం. ప్లాటినం రెసిస్టెంట్ అని డాక్టర్లు అనేది దీన్నే. ఈ దశలో ఒంటరిగా ఇచ్చే కీమో మందులతో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గేది నూటికి పది పదిహేను మందికే. ఆయుష్షు సగటున ఏడాదికి అటూ ఇటూగా ఉంటుంది. జీవన నాణ్యత తూకం అన్నిటికన్నా బరువుగా పడేది ఇక్కడే.

ఆరు నెలలన్నది గీసిన గీత కాదు. అయిదున్నర నెలలకి తిరగబెట్టినావిడకీ ఏడు నెలలకి తిరగబెట్టినావిడకీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. "మా అమ్మది ఏ లెక్కలోకి వస్తుంది డాక్టర్ గారూ?" అని నేరుగా అడగండి.

రెండో మెట్టు: ఆమెకు తెలియనివ్వండి

మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఓపీ గది బయట కొడుకో అల్లుడో డాక్టర్ని పక్కకి పిలిచి, "అమ్మకి చెప్పొద్దండీ, బెంగ పెట్టుకుంటుంది. గడ్డ ఉంది, మందులతో కరిగిపోతుందని చెప్పాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ జుట్టు మొత్తం రాలిపోయి, మూడు వారాలకోసారి డే కేర్‌లో అందరూ అదే సెలైన్ పెట్టించుకుంటుంటే చూస్తున్న మనిషికి తన జబ్బేమిటో తెలియదని అనుకోవడం మన భ్రమ. ఆమెకు తెలుసు. మీరు భయపడతారని ఆమె అడగదు, ఆమె భయపడుతుందని మీరు చెప్పరు. చివరికి ఎవరి జీవన నాణ్యత గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషే మాటల్లో లేకుండా పోతుంది.

అన్నీ ఒకేసారి గుమ్మరించమనడం లేదు. ముందు ఎంత తెలుసుకోవాలని ఉందో ఆమెనే అడగండి. ఇంట్లో వంటగదిలోనో మంచం పక్కనో, ఎవరూ హడావుడిగా లేనప్పుడు, మామూలు మాటల్లో:

"అమ్మా, డాక్టర్ గారు రేపు రిపోర్ట్ గురించి మాట్లాడతారట. నువ్వు కూడా విందువుగాని వస్తావా, లేక నన్ను వినమంటావా?"

"నాకెందుకే అవన్నీ, మీరు చూసుకోండి" అంటే అదీ ఒక జవాబే. అప్పుడు ఇంకొక్కటి అడగండి: "సరే. కానీ నీకు ఏది ఇష్టం లేదో, ఏది కావాలో మాత్రం నాకు చెప్పాలి. అది నేను చెప్పలేను కదా." చాలామంది ఆడవాళ్లు జబ్బు వివరాలు వద్దంటారు కానీ ఈ రెండో ప్రశ్నకు జవాబివ్వడానికి ఏం వెనకాడరు. "ముక్కులో గొట్టం మాత్రం పెట్టించకండి. పక్కింటి పెద్దావిడకి పెట్టారు, చూశాను." అక్కడ మొదలవుతుంది అసలు సంభాషణ.

ఇంకో సంగతి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకు, కూతురు వీడియో కాల్‌లో "ఖర్చు గురించి ఆలోచించకండి, అన్నీ చేయించండి" అంటారు. దూరంగా ఉన్నందుకు మనసులో ఏదో అపరాధభావం, దాన్ని ఇంకో సైకిల్‌తో తీర్చుకోవాలని తాపత్రయం. వాళ్లని తప్పుపట్టక్కర్లేదు. కాకపోతే నిర్ణయానికి ముందు వాళ్లు అమ్మతోనే విడిగా, తీరిగ్గా మాట్లాడాలి. ఆవిడ గొంతు విన్నాక చాలామంది స్వరం మారుతుంది.

మూడో మెట్టు: ఆమెకు ముఖ్యమైనవి కాగితం మీద పెట్టండి

"బాగుండాలి" అన్నది కోరికే, కొలత మాత్రం కాదు. ఏం చేయగలిగితే ఆమెకి ఆ రోజు బాగా గడిచినట్టో తెలియాలి. నేనైతే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టమంటాను. మొదటి పేజీలో మూడు నాలుగు మాటలు, ఆమె నోటి నుంచి వచ్చినట్టే రాయండి, మన భాషలోకి దిద్దకండి. ఉదాహరణకు ఒకావిడ పేజీ ఇలా ఉండొచ్చు:

"నా స్నానం నేనే చేసుకోవాలి. మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కూర్చోవాలి. రోజుకి రెండు పూటలైనా వాంతి లేకుండా తినాలి. ఆసుపత్రిలో పడుకోవడం నాకిష్టం లేదు."

ఈ నాలుగు లైన్లలో ఎంత ఉందో చూడండి. స్నానం తనంతట తానే చేసుకోవాలంటే వేళ్ల పట్టు ఉండాలి, అంటే తిమ్మిర్లు తెచ్చే మందు మోతాదు గురించి జాగ్రత్త పడాలి. ఫంక్షన్ ఏ నెలలోనో తెలిస్తే సైకిల్ తేదీలు అటూ ఇటూ జరపమని అడగొచ్చు. ఒక వారం జరపడానికి చాలామంది డాక్టర్లు అభ్యంతరం చెప్పరు. ఆసుపత్రిలో పడుకోవడం ఇష్టం లేదన్న మాట ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు బయటికి తీయాలి.

రెండో పేజీలో "ఇవి మాత్రం వద్దు" అని రాయండి. తర్వాతి పేజీల్లో వారానికోసారి నొప్పి, ఆకలి, నిద్ర, వాంతులు, విరేచనం, తిమ్మిర్లు, నడక, మనసు — ఒక్కోదానికి సున్నా నుంచి పది మార్కులు. ఓవరీ క్యాన్సర్ కోసం వైద్య పరిశోధనల్లో ఈఓఆర్‌టీసీ (యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వాళ్ల ఓవీ28 లాంటి ప్రశ్నావళులు వాడతారు, అడిగేది ఇంచుమించు ఇవే. మీ నోటుపుస్తకం చాలు. ఓపీలో మీకు దొరికే అయిదు నిమిషాల్లో "పర్లేదండీ" అనే బదులు ఆ పేజీ చూపిస్తే డాక్టరు చేసే నిర్ణయమే వేరుగా ఉంటుంది.

నాలుగో మెట్టు: ఒంట్లో ఇప్పుడు ఎంత శక్తి ఉందో చూడండి

డాక్టర్లు దీన్ని ఈకాగ్ స్కోర్ అంటారు. సున్నా అంటే మామూలు మనిషిలాగే పనులు చేసుకోవడం, నాలుగు అంటే పూర్తిగా మంచం పట్టడం. పగటిపూట సగం సమయం కన్నా ఎక్కువ మంచంలోనే గడిస్తే మూడు. కీమో తట్టుకోగలరా లేదా అనేది వయసు కన్నా ఈ స్కోర్ బాగా చెబుతుంది.

స్కోర్ పడిపోవడానికి సరిచేయగలిగే కారణం ఏదైనా ఉందా అన్నది ముందు చూడాలి. కడుపులో నీరు నిండి ఊపిరాడక మంచం పట్టినావిడకి నీరు తీస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటుంది. రక్తం తక్కువైనా, పొటాషియం పడిపోయినా, నొప్పికి సరైన మందు లేక నిద్ర కరువైనా మనిషి కుప్పకూలినట్టే కనిపిస్తుంది. ఇవి సరిచేశాక రెండోసారి స్కోర్ చూసి, ఆ తర్వాతే "తట్టుకోలేదు" అన్న మాట అనాలి.

ఐదో మెట్టు: డాక్టర్ ముందు ఈ ప్రశ్నలు పెట్టండి

ఏ కొత్త చికిత్స ప్రస్తావన వచ్చినా ఇవి అడగండి. అన్నీ ఒకే రోజు అవకపోతే రెండో అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే చాలామంది సరేనంటారు.

- ఈ చికిత్స ఎందుకు? నయం చేయడానికా, ఆయుష్షు పెంచడానికా, ఇబ్బందులు తగ్గించడానికా?
- ఇలాంటి స్థితిలో ఉన్న పదిమందిలో ఎంతమందికి పనిచేస్తుంది? పనిచేస్తే ఎంత కాలం?
- పనిచేస్తోందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?
- నెలకి ఎన్ని రోజులు ఆసుపత్రికి రావాలి?
- ఈ చికిత్స తీసుకోకపోతే ఏమవుతుంది? అప్పుడు ఏం చేస్తారు?
- మీ ఇంట్లోవాళ్లయితే మీరేం చేస్తారు?

ఆఖరి ప్రశ్నకి కొందరు నొచ్చుకుంటారు, అయినా అడగమనే అంటాను. ఇక్కడో చిక్కు ఉంది. "రెస్పాన్స్ వచ్చింది" అంటే స్కాన్‌లో గడ్డ తగ్గిందని. "ప్రోగ్రెషన్ లేదు" అంటే పెరగలేదని. ఈ రెండూ ఆయుష్షు పెరిగిందనో, ఆమె హాయిగా ఉందనో చెప్పవు. మూడు నెలలు జబ్బు పెరగకుండా ఉండి, ఆ మూడు నెలలూ ఆమె నోరు పుండ్లతో మంచంలోనే ఉంటే, రిపోర్టు బాగున్నట్టే, ఆమె మాత్రం బాగోలేనట్టే.

ఆసుపత్రి రోజుల ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు. పాడేరు వైపు నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో వచ్చేవాళ్లకి ఒక వీక్లీ కీమో అంటే ముందు రోజు ప్రయాణం, పొద్దున రక్త పరీక్ష, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) వచ్చేదాకా ఎదురుచూపు, సాయంత్రం దాకా సెలైన్, మర్నాడు తిరుగు ప్రయాణం. వారంలో మూడు రోజులు పోయినట్టే. కౌంట్స్ పడిపోతే కీమో ఇవ్వకుండానే వెనక్కి పంపుతారు, మళ్లీ వారం. ఏడాది మిగిలిందనుకునే మనిషికి ఈ లెక్క చాలా పెద్దది. రక్త పరీక్ష ముందు రోజు మీ ఊరి ల్యాబ్‌లో చేయించి రిపోర్ట్ వాట్సాప్‌లో పంపొచ్చా అని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఆరో మెట్టు: ఒక్కో చికిత్స ఆమె రోజులను ఎలా మారుస్తుందో తెలుసుకోండి

ఆపరేషన్ సంగతి ముందు. ఓవరీ క్యాన్సర్ ఆపరేషన్ చిన్నది కాదు. గర్భసంచి, అండాశయాలు, కడుపులోని కొవ్వు పొర, అవసరమైతే పేగు ముక్క కూడా తీస్తారు. కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకుండా తీయగలిగితేనే దాని పూర్తి ప్రయోజనం. ముందే ఆపరేషన్ చేయడమా, మూడు కీమోలు ఇచ్చి గడ్డలు తగ్గాక చేయడమా అన్నదాన్ని యూరప్‌లో జరిగిన పెద్ద పరిశోధన (2010), బ్రిటన్, న్యూజిలాండ్‌లలో జరిగిన కోరస్ పరిశోధన (2015) పోల్చి చూశాయి. ఆయుష్షులో రెండింటికీ తేడా రాలేదు. ముందు కీమో ఇచ్చినవాళ్లలో ఆపరేషన్ తర్వాతి చిక్కులు, మరణాలు తక్కువ. నీరసంగా, కడుపు నిండా నీటితో వచ్చిన పెద్దావిడకి ముందు కీమో అడగడంలో తప్పేమీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. స్టోమా బ్యాగు (మలం బయటికి వచ్చేందుకు పొట్ట మీద తగిలించే సంచి) పెట్టాల్సి వస్తే ఒప్పుకుంటారా అన్నది మాత్రం ఆపరేషన్‌కి ముందే ఆమెతో మాట్లాడాలి. కళ్లు తెరిచాక పొట్ట మీద సంచి కనిపించడం చెప్పలేని దెబ్బ.

ఆపరేషన్ టేబుల్ మీదే కడుపులో వేడి కీమో పోసే హైపెక్ గురించి ఈమధ్య చాలా ప్రచారం ఉంది. నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన (2018) దాంతో మేలు ఉందని చూపింది. కాకపోతే అది మూడు కీమోల తర్వాత ఆపరేషన్ చేసినవాళ్లలో మాత్రమే, వైద్యుల్లో ఇంకా వాదన నడుస్తోంది. ఖర్చు చాలా ఎక్కువ. "నాకు దీనివల్ల అదనంగా ఏం వస్తుంది?" అని అడగకుండా ఒప్పుకోకండి.

కీమోలో ఎక్కువమందిని బాధపెట్టేది పాక్లిటాక్సెల్ తెచ్చే తిమ్మిర్లు. మొదట వేళ్ల చివర చీమలు పాకినట్టుంటుంది. తర్వాత హుక్కు పెట్టుకోలేరు, పాల గిన్నె జారిపోతుంది, కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలియదు. "కొంచెం తిమ్మిర్లు" అని ఆమె అంటే అక్కడితో వదిలేయకండి. "జాకెట్ హుక్కులు ఎవరు పెడుతున్నారు?" అని అడగండి. హుక్కులు పెట్టుకోలేని దశకి వస్తే మోతాదు తగ్గించాలి, లేదా మందు మార్చాలి. ఆలస్యం చేస్తే కొందరిలో శాశ్వతంగా మిగిలిపోతాయి.

ప్రత్యామ్నాయాలు నిజంగానే ఉన్నాయి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో జరిగిన మిటో-7 పరిశోధన కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ జంటనే కొద్ది కొద్దిగా వారం వారం ఇచ్చి చూసింది. ఫలితం ఇంచుమించు అంతే, తిమ్మిర్లు, జుట్టు రాలడం తక్కువ, జీవన నాణ్యత మెరుగు. ప్రయాణాలు మాత్రం మూడింతలు. ఆరు నెలలు దాటి తిరగబెట్టినవాళ్లకి పాక్లిటాక్సెల్ బదులు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఇచ్చి చూసిన కాలిప్సో పరిశోధనలో (2010) జుట్టు బాగా రాలిపోయినవాళ్లు 84 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు. తిమ్మిర్లూ బాగా తగ్గాయి. జబ్బు అదుపులో ఉన్న కాలం కాస్త పెరిగింది కూడా. బదులుగా అరచేతులు, అరికాళ్లు మండి తోలు ఊడటం, నోటి పుండ్లు ఎక్కువ. పొలానికీ కొట్టుకీ నడిచి వెళ్లే మనిషికి అరికాళ్ల మంట ముఖ్యం కావచ్చు, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో జుట్టు ముఖ్యం కావచ్చు. ఏది భరించగలదో చెప్పాల్సింది ఆవిడే.

అయితే "తక్కువ మందు ఇస్తే సుఖం" అనుకోవడమూ ప్రమాదమే. ఈవాక్-1 అనే ఫ్రెంచి పరిశోధన బలహీనంగా ఉన్న వృద్ధులకు తేలిగ్గా ఉంటుందని కార్బోప్లాటిన్ ఒక్కటే ఇచ్చి చూసింది. రెండు మందులు ఇచ్చినవాళ్ల కన్నా వాళ్ల ఆయుష్షు తగ్గింది. కొత్తగా జబ్బు బయటపడిన దశలో జాలితో చికిత్స కత్తిరించడం జాలి అవదు.

తర్వాత మాత్రలు. బీఆర్‌సీఏ జన్యు మార్పు (కుటుంబంలో తరతరాలుగా రాగల లోపం) ఉన్నవాళ్లకి మొదటి కీమో పనిచేశాక ఓలాపరిబ్ రెండేళ్లు ఇస్తే లాభం చాలా ఎక్కువ. సోలో-1 పరిశోధనలో ఏడేళ్ల తర్వాత ఓలాపరిబ్ వాడినవాళ్లలో 67 శాతం మంది బతికి ఉన్నారు, వాడనివాళ్లలో 46.5 శాతం. అందుకే బీఆర్‌సీఏ పరీక్ష మొదట్లోనే చేయించండి, కూతుళ్లకీ అక్కచెల్లెళ్లకీ కూడా అది పనికొస్తుంది. ఇంట్లో ఉండి వేసుకునే మాత్రే అయినా తేలికని కాదు. వికారం, అలసట, రక్తం తగ్గడం ఉంటాయి. నిరాపరిబ్‌తో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మోతాదు తగ్గిస్తే చాలామంది సర్దుకుంటారు.

బెవాసిజుమాబ్ ఇంజెక్షన్‌తో బీపీ పెరగడం, అరుదుగా పేగుకి చిల్లు పడటం ఉంటాయి. ప్లాటినం పనిచేయని దశలో కీమోకి దీన్ని కలిపిన ఆరేలియా పరిశోధనలో (2014) జబ్బు పెరగకుండా ఉన్న కాలం 3.4 నెలల నుంచి 6.7 నెలలకి చేరింది. మొత్తం ఆయుష్షు పెరిగిందని గట్టిగా చెప్పలేకపోయారు. కడుపు ఉబ్బరం, నొప్పి తగ్గినవాళ్లు మాత్రం ఎక్కువ. పేగు అడ్డంకి లక్షణాలు ఉన్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు. అమెరికాలో ఉన్న బంధువులు మిర్‌వెటుక్సిమాబ్ అనే కొత్త మందు పేరు చెబుతారు. అక్కడ 2022 నుంచి వాడుకలో ఉంది. గడ్డలో ఫోలేట్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటేనే పనిచేస్తుంది. 2023లో వచ్చిన ఫలితాల్లో సగటు ఆయుష్షు 12.7 నెలల నుంచి 16.5 నెలలకి పెరిగింది. కంటి చూపు మసకబారడం దాని ముఖ్య ఇబ్బంది, రోజూ చుక్కలు వేసుకోవాలి.

ఏడో మెట్టు: సీఏ-125 టెన్షన్‌ని అదుపులో పెట్టండి

చికిత్స అయిపోయి బాగానే తిరుగుతున్న మనిషి, మూడు నెలలకోసారి ఆ రిపోర్ట్ వచ్చే ముందు వారం రోజులు నిద్రపోదు. సీఏ-125 మామూలు హద్దయిన 35 దాటిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ సంఖ్య పెరగగానే కీమో మొదలుపెడితే మేలా, ఇబ్బందులు కనిపించేదాకా ఆగితే మేలా అని బ్రిటన్, యూరప్ వైద్యులు కలిసి పరిశోధించి 2010లో ప్రకటించారు. సంఖ్య చూసి మొదలుపెట్టినవాళ్లకి కీమో అయిదు నెలలు ముందుగా అందింది. ఆయుష్షు మాత్రం 25.7 నెలలు, ఆగినవాళ్లకి 27.1 నెలలు, అంటే ఏ తేడా లేనట్టే. ముందుగా మొదలుపెట్టినవాళ్ల జీవన నాణ్యత ముందుగా దిగజారింది.

ఆ తర్వాత కొత్త మందులు వచ్చాయి, కొందరికి రెండో ఆపరేషన్ కూడా ఉపయోగపడుతోంది, కాబట్టి పరీక్ష మానేయమని గుడ్డిగా చెప్పలేం. "సంఖ్య పెరిగితే మీరు వేరే ఏమైనా చేస్తారా?" అని అడగండి. ఏమీ చేయరంటే తరచూ చూసుకోవడం మానేయొచ్చు.

ఎనిమిదో మెట్టు: గడువు పెట్టి మొదలుపెట్టండి

తిరగబెట్టిన జబ్బుకి ఏ చికిత్స మొదలుపెట్టినా రెండు లేదా మూడు సైకిళ్ల గడువు పెట్టుకోండి. ఆ తేదీన మూడు కాగితాలు ముందుంచుకుని కూర్చోవాలి: స్కాన్, సీఏ-125, మీ నోటుపుస్తకం. స్కాన్ బాగుండి నోటుపుస్తకం బాగోకపోతే మోతాదు తగ్గించడం, ఒక సైకిల్ విరామం ఇవ్వడం. రెండూ బాగోకపోతే మందు మార్చడమో ఆపడమో. ముందే గడువు పెట్టుకున్నాం కాబట్టి ఆపడం ఎవరి ఓటమిగానూ అనిపించదు. విరామం అడిగితే డాక్టరు కోపగించుకుంటారేమో అన్న మొహమాటం వదిలేయండి.

తొమ్మిదో మెట్టు: పాలియేటివ్ కేర్‌ని మొదట్లోనే పిలవండి

పాలియేటివ్ కేర్ (నొప్పి, వాంతుల్లాంటి ఇబ్బందులను తగ్గించే వైద్యం) అంటే "ఇక చేసేదేం లేదు" అన్నాక వెళ్లే చోటని మన దగ్గర పేరు పడిపోయింది. దానివల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే కీమోతో పాటు పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చిన పరిశోధన 2010లో వచ్చింది. వాళ్ల జీవన నాణ్యత మెరుగుపడింది, ఆయుష్షు కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకి పెరిగింది. ఓవరీ క్యాన్సర్‌లో నీరు, నొప్పి, పేగు అడ్డంకి మొదటి నుంచీ వెంటాడతాయి కాబట్టి అవసరం ఇంకా ఎక్కువ.

నొప్పికి మార్ఫిన్ మాత్రలంటే భయపడకండి. సరిగ్గా వాడితే వ్యసనం అవదు, ప్రాణం తీయదు. మలబద్ధకం మాత్రం తప్పక వస్తుంది, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా రాయించుకోండి. 2014లో మాదక ద్రవ్యాల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ చేయడం తేలికైంది. అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ముందే కనుక్కోండి.

కడుపులో నీరు వారానికోసారి తీయించుకోవాల్సి వస్తుంటే, చిన్న గొట్టం శాశ్వతంగా అమర్చి ఇంట్లోనే తీసుకునే వీలు ఉంటుంది. పేగు అడ్డుపడితే ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. డెక్సామెథసోన్, ఆక్ట్రియోటైడ్ లాంటి మందులతో వాంతులు తగ్గించవచ్చు. ముక్కు గొట్టం భరించలేనివాళ్లకి పొట్టలోంచి గొట్టం పెడితే రుచికి రెండు చెంచాల మజ్జిగైనా తాగగలరు.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ (ఆఖరి దశ రోగులను చూసుకునే కేంద్రం) ఉచితంగా చూస్తుంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి, ఇంటికొచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. ఉత్తరాంధ్రవాళ్లకి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర.

పదో మెట్టు: డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడండి

ఆమె ముందు డబ్బు మాట ఎత్తకూడదనుకుంటాం. ఆవిడ మాత్రం పక్క గదిలోంచి వింటూనే ఉంటుంది. పొలం అమ్మారని తెలిసినప్పటి నుంచి తిండి సయించని తల్లులున్నారు. ఆ బెంగ కూడా జీవన నాణ్యతలో భాగమే. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఏ మందు పథకం కిందికి వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో రాయించుకోండి. ఖరీదైన మందు రాస్తే జెనరిక్ ఉందా అని అడగండి. అప్పు చేసి కొనే మందుకి ఐదో మెట్టులోని ప్రశ్నలు రెండుసార్లు అడగాలి.

పదకొండో మెట్టు: ఆపాల్సి వస్తే ఎలా అన్నది ముందే రాసుకోండి

రోజులో ఎక్కువ భాగం మంచంలోనే ఉన్నారు, రెండు వరసల చికిత్సలు వెంటవెంటనే విఫలమయ్యాయి, బరువు ఆగకుండా తగ్గుతోంది. ఈ స్థితిలో ఇంకో కీమో ఆయుష్షు పెంచే అవకాశం చాలా తక్కువ. ఆఖరి నెలల్లో ఇచ్చే కీమో గురించి అమెరికాలో 2015లో వచ్చిన పరిశోధన ఇంకా చేదు నిజం చెప్పింది: బలహీనంగా ఉన్నవాళ్లకి అది మేలు చేయలేదు సరికదా, కాస్త ఓపికగా ఉన్నవాళ్ల చివరి వారాన్ని కూడా పాడుచేసింది.

వెంటిలేటర్, ఐసీయూ వద్దనుకుంటే ఆమె ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో ఈ హక్కును గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. తను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు నిర్ణయించాలో కూడా అందులో పేరు రాయొచ్చు. చాలా ఇళ్లలో పెద్ద కొడుకే అనుకుంటారు, ఆవిడ మనసులో చిన్న కోడలు ఉండొచ్చు. అడగండి.

ఇంట్లోనే ఉంచుకోవాలనుకుంటే ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెట్టండి. అద్దెకి ఆసుపత్రి మంచం, గాలి పరుపు, మార్ఫిన్, వాంతి మందు, రాత్రి ఫోన్ ఎత్తే నర్సు నంబరు కావాలి. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ కాగితం లేని ఇంట్లో 108కి ఫోన్ వెళ్తుంది. అక్కణ్నుంచి ఎమర్జెన్సీ, ఆపైన ఐసీయూ, ఆమె నోటుపుస్తకం రెండో పేజీలో వద్దన్నవన్నీ వరసగా జరిగిపోతాయి. కాగితం రాయించే బాధ్యత పాలియేటివ్ డాక్టర్‌కి వదిలేయకండి, వచ్చే అపాయింట్‌మెంట్‌లో మీరే అడిగి రాయించుకోండి.